బాల్టిక్ సీ సర్కిల్ ర్యాలీ: పాత కారులో ఆర్కిటిక్ దాకా, అందరూ అడిగే డౌట్లు

మూడేళ్ల క్రితం జూన్‌లో మేం ముగ్గురం ఒక ముసలి స్టేషన్ వ్యాగన్ వేసుకుని హాంబర్గ్‌లో బయల్దేరి బాల్టిక్ సముద్రం చుట్టూ తిరిగి మళ్లీ హాంబర్గ్ చేరాం. అప్పట్నుంచి ప్రతి జనవరిలో అవే ప్రశ్నలు వాట్సాప్‌లో వస్తూనే ఉన్నాయి, ఒక్కొక్కళ్లకి వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక అయిపోయింది, అందుకే అన్నీ ఒకచోట రాసేశా. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఏదో చూసుకుని అది చదువుకోండి.

## వెళ్లాలా వద్దా అనుకునేటప్పుడు

అన్నా, ఇది రేసా? ఫస్ట్ వస్తే ఏమిస్తారు?

రేస్ కాదు. టైమ్ కొలిచేవాళ్లు ఎవరూ ఉండరు, మామూలు రోడ్ల మీద మామూలు ట్రాఫిక్‌లోనే పోతాం. హాంబర్గ్‌లోని సూపర్లేటివ్ అడ్వెంచర్ క్లబ్ వాళ్లు నడిపే ర్యాలీ ఇది. 16 రోజులు, సుమారు 7,500 కి.మీ. కారుకి కనీసం 20 ఏళ్లు ఉండాలి, జీపీఎస్ వాడకూడదు, మోటార్‌వే ఎక్కకూడదు. ప్రతి టీమూ కనీసం 750 యూరోలు విరాళం పోగు చేసి ఏదైనా సేవా సంస్థకి ఇవ్వాలి. బయల్దేరేటప్పుడు ఒక రోడ్‌బుక్ ఇస్తారు, అందులో దారి సూచనలతో పాటు చిన్న చిన్న టాస్కులు ఉంటాయి, కొన్ని మరీ చిన్నపిల్లల ఆటల్లా ఉంటాయి, అయినా చేస్తాం, ఎందుకో అడక్కండి.

ఏయే దేశాలు తగులుతాయి?

జర్మనీ, డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా, పోలండ్, మళ్లీ జర్మనీ. ఒకప్పుడు ఉత్తరాన రష్యాలోకి దిగి మర్మాన్స్క్, సెయింట్ పీటర్స్‌బర్గ్ మీదుగా వచ్చేవాళ్లు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆ ముక్క పోయింది, ఇప్పుడు ఫిన్లాండ్ నుంచి ఎస్తోనియాకి ఫెర్రీలో దాటాలి.

7,500 అంటే 16 రోజుల్లో ఈజీనే కదా, రోజుకి 470 కి.మీ.నే?

హైదరాబాద్ నుంచి బెంగళూరు డ్రైవ్ చేసిన లెక్కలో చూస్తున్నారు మీరు. మోటార్‌వే లేకపోతే ఊరూరూ తగులుతుంది, ట్రాక్టర్ల వెనక పాకాలి, నార్వేలో కొండ చుట్టూ 40 కి.మీ. తిరిగితే మ్యాప్‌లో వేలెడు దూరం కూడా జరగరు. మా సగటు గంటకి 60 దాటలేదు, అంటే రోజుకి 8 గంటలు స్టీరింగ్ దగ్గరే. కశ్మీర్ నుంచి కన్యాకుమారికి పల్లెటూరి రోడ్ల మీద పోయి, వెంటనే వెనక్కి తిరిగి వచ్చినట్టు అనుకోండి, దూరం కూడా ఇంచుమించు అంతే.

ఎంతమంది వెళ్తే మంచిది?

ముగ్గురు. ఒకళ్లు నడుపుతారు, ఒకళ్లు మ్యాప్ చూస్తారు, ఒకళ్లు వెనక సీట్లో పడుకుంటారు. ఇద్దరైతే పడుకునేవాళ్లు ఉండరు. నలుగురైతే సామాను ఎక్కడ పెడతారో మీరే చెప్పాలి.

మొత్తం ఖర్చు ఎంతవుద్ది, లెక్క చెప్పండి

ఎంట్రీ ఫీజు ఆ ఏడాదికి ఎంతో వాళ్ల దగ్గరే చూసుకోండి, మారుతుంటుంది. మిగతాది నా లెక్క. మా కారు 100 కి.మీ.కి 9 లీటర్లు తాగేది, అంటే మొత్తం 675 లీటర్లు, లీటరు సగటున 1.80 యూరోలు వేసుకుంటే పెట్రోలుకే 1,200 పైన. కారు మాకు 1,600 పడింది, దాని మీద రిపేర్లకి ఇంకో 700. ఫెర్రీలు కూడా తక్కువేం కాదు, టికెట్ బుక్ చేసేటప్పుడు కారు పొడవు, ఎత్తు అడుగుతారు, పైన రూఫ్ బాక్స్ ఉంటే దాంతో కలిపి టేపు పెట్టి కొలవండి, మేం కొలవకుండా అందాజాగా రాసి కౌంటర్ దగ్గర ఎక్స్‌ట్రా కట్టాం. తిండి మీరే వండుకుంటే తక్కువ, నార్వేలో హోటల్లో తింటే బిల్లు చూశాక ఆకలి అదే చచ్చిపోద్ది.

నేను ఇండియాలో ఉంటా, వచ్చి పాల్గొనొచ్చా? వీసా ఎన్ని కావాలి?

ఇప్పుడున్న రూట్‌లో దేశాలన్నీ షెంగెన్‌లోనివే, నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది, కాబట్టి ఒక్క వీసా చాలు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి అప్లై చెయ్యాలి, సమానంగా ఉంటే మొదట దిగే దేశానికి. ఈ ర్యాలీలో ఎక్కువ రోజులు నార్వేలో గడిచిపోయే ఛాన్స్ ఉంది, అది తెలీకుండా అలవాటుగా జర్మనీకి అప్లై చేసేవాళ్లున్నారు, రోజులు లెక్కేసి చూసుకోండి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు. అసలు తలనొప్పి కారుది. అద్దెకిచ్చే కంపెనీల దగ్గర 20 ఏళ్ల కార్లు ఉండవు, జర్మనీలో అడ్రస్ లేకుండా మీ పేరు మీద కారు రిజిస్టర్ చెయ్యడం కష్టం. జర్మనీలో ఉండే ఫ్రెండ్ టీమ్‌లో కో డ్రైవర్‌గా చేరిపోవడమే సుఖం.

## కారు, కాగితాలు, సామాను

ఏ కారు కొనాలి?

మీ ఊరి మెకానిక్‌కి కళ్లు మూసుకుని తెలిసిన కారు. ర్యాలీలో ఎక్కువగా కనపడేవి పాత వోల్వో ఎస్టేట్లు, మెర్సిడెస్ డబ్ల్యూ124లు, ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లు. ఫొటోలకి ఇంకా పాతవి బాగుంటాయి కానీ నడుం నొప్పి ఫొటోలో పడదు. కొనేముందు కిందకి దూరి తుప్పు చూడండి, ఇంజిన్ రిపేరు చేయించొచ్చు కానీ తుప్పు పట్టిన బాడీకి వెల్డింగ్ మొదలుపెడితే అంతు ఉండదు. జర్మనీలో రెండేళ్లకోసారి చేసే టీయూవీ తనిఖీ ఇంకా ఏడాది మిగిలి ఉన్న కారే తీసుకోండి. ఇంకోటి, చాలా పాత ఇంజిన్లకి ఇ10 పెట్రోలు, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపింది, పడదు, మీ మోడల్‌కి పడుతుందో లేదో ముందే కనుక్కోండి.

నాకు స్టెప్నీ మార్చడం తప్ప ఏం రాదు, పర్లేదా?

పర్లేదు, మాకూ అంతే వచ్చు. పాత కారుతో వచ్చే తిప్పల్లో సగం రబ్బరువే. అందుకని బయల్దేరేముందే ఫ్యాన్ బెల్ట్, కూలెంట్ గొట్టాలు కొత్తవి వేయించి, తీసిన పాతవి పారెయ్యకుండా డిక్కీలో వెయ్యండి. ఫ్యూజులు, బల్బులు, క్లిప్పులు, కేబుల్ టైలు, జంపర్ కేబుల్, తాడు, ఐదు లీటర్ల నీళ్లు. వీటన్నిటికన్నా ముఖ్యమైంది తనకి తానే అతుక్కునే సిలికాన్ టేపు, దాని విలువ పది యూరోలే కానీ మా ట్రిప్‌ని నిలబెట్టింది అదే. ట్రయాంగిల్, రిఫ్లెక్టర్ జాకెట్లు, ఫస్ట్ ఎయిడ్ కిట్ ఎలాగూ చట్ట ప్రకారం ఉండాల్సిందే. ఆటో క్లబ్ మెంబర్‌షిప్ తీసుకునేటప్పుడు యూరప్ మొత్తం టోయింగ్ వచ్చే ప్లానే తీసుకోండి, దేశం లోపలే వచ్చే చౌక ప్లాన్ ఇక్కడ పనికిరాదు.

ఇండియా లైసెన్స్‌తో నడపొచ్చా?

టూరిస్ట్‌గా వస్తే ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని రండి. జర్మనీలో కాపురం పెట్టినవాళ్లకి ఇండియా లైసెన్స్ ఆరు నెలలే చెల్లుతుంది, ఆ తర్వాత ఇక్కడి లైసెన్స్ లేకుండా స్టీరింగ్ ముట్టుకోవద్దు.

అన్నం లేకుండా 16 రోజులు నావల్ల కాదు, ఏం తీసుకెళ్లాలి?

అన్నం మానెయ్యమని ఎవరన్నారు. చిన్న గ్యాస్ స్టవ్, ఒక ప్రెషర్ కుక్కర్, పది కిలోల బియ్యం, కందిపప్పు, చింతపండు గుజ్జు, ఆవకాయ. పులిహోర పొద్దున్న కలిపి డబ్బాలో పెడితే సాయంత్రానికి కూడా బాగుంటుంది, పైగా అక్కడి చలికి పాడవదు. నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో కుక్కర్ విజిల్ వేస్తే పక్క టెంట్ల వాళ్లు ఏదో పేలబోతోందని లేచి నిలబడ్డారు, తర్వాత గిన్నెలు పట్టుకుని వచ్చారు. ఆవకాయ సీసాకి మూత దగ్గర టేపు చుట్టండి, మా డిక్కీ కార్పెట్ మీద నూనె మరక చివరిదాకా పోలేదు. నార్వేలోకి బంగాళాదుంపలు తీసుకుపోకూడదు, ఇది నేను జోక్‌గా చెప్పట్లేదు, కస్టమ్స్ రూల్. అక్కడే కొనుక్కోండి.

జూన్ కదా, స్వెటర్ ఎందుకు?

హాంబర్గ్‌లో 28 డిగ్రీల్లో టీషర్టు మీద బయల్దేరాం, నార్వే ఉత్తరం కొసన ఉండే నార్త్ కేప్‌లో 5 డిగ్రీలు, మనిషిని తోసేసే గాలి. గాలి ఆపే జాకెట్, ఉన్ని టోపీ, వర్షం ప్యాంటు ఉండాల్సిందే. కళ్లకి కట్టుకునే నల్ల గుడ్డ మర్చిపోవద్దు, టెంట్ లోపల అర్ధరాత్రి రెండింటికి కూడా పేపర్ చదువుకునేంత వెలుగుంటుంది.

ఏవైనా టీకాలు వేయించుకోవాలా?

టిక్ అనే చిన్న పురుగు, మన పశువులకి పట్టే గోమారి లాంటిది, అది కుడితే మెదడువాపు వచ్చే జబ్బు ఒకటుంది. బాల్టిక్ దేశాల్లో, పోలండ్ ఈశాన్యంలో, స్వీడన్ దక్షిణ భాగంలో ఎక్కువ. టీకా ఉంది, మొదటి రెండు డోసుల మధ్య నెల నుంచి మూడు నెలల గ్యాప్ ఉండాలి కాబట్టి మేలో గుర్తొస్తే లేటైపోద్ది, చలికాలంలోనే డాక్టర్‌ని అడగండి. టెంట్‌లో పడుకునేముందు మోకాళ్ల వెనక, చంకల్లో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

## రోడ్డు మీద

జీపీఎస్ లేకుండా దారి ఎలా తెలుస్తుంది? ఫోన్ అస్సలు వాడకూడదా?

ఫోన్ దగ్గర పెట్టుకోవచ్చు, ఇంటికి మాట్లాడుకోవచ్చు, ఎమర్జెన్సీలో 112 కొట్టొచ్చు, దారి చూసుకోవడానికి మాత్రం వాడకూడదు. చూసే పోలీసెవరూ లేడు, మీ మనస్సాక్షే. కాగితం మ్యాప్ కొనండి, ఒకే మ్యాప్ రెండు కాపీలు కొనండి, ఎందుకంటే మడత దగ్గర చిరుగుతుంది, సరిగ్గా మీరు వెతికే ఊరు ఆ మడతలోనే ఉంటుంది. పొద్దున్నే ఆ రోజు తగిలే ఊళ్ల పేర్లు వరసగా చీటీ మీద రాసి డ్యాష్‌బోర్డ్‌కి అంటించేవాళ్లం, ఇంటి దగ్గర సరుకుల చీటీ లాగా. దారి తప్పితే పెట్రోల్ బంకులో అడగండి, సిగ్గుపడొద్దు. స్వీడన్‌లో ఒక పెద్దాయన మాకు దారి చెప్పడం మొదలుపెట్టి, లాభం లేదనుకుని తన కారు తీసి 15 కి.మీ. ముందుండి తీసుకెళ్లి వదిలిపెట్టాడు. ఫోన్ చూసుకుంటూ పోయి ఉంటే ఆయన మాకు తగిలేవాడే కాదు.

మోటార్‌వే ఎక్కకూడదంటే డెన్మార్క్ నుంచి స్వీడన్‌కి బ్రిడ్జి మీద ఎలా పోతారు?

పోం. ఓరెసుండ్ బ్రిడ్జి మోటార్‌వేనే. దాని బదులు హెల్సింగోర్ నుంచి హెల్సింగ్‌బోర్గ్‌కి ఫెర్రీ ఎక్కితే 20 నిమిషాల్లో అవతల ఒడ్డు, అక్కడ సముద్రం 4 కి.మీ. వెడల్పే. డెన్మార్క్‌లో అయితే గోధుమరంగు బోర్డు మీద తెల్లటి డైసీ పువ్వు కనపడితే ఆ దారి పట్టుకోండి, చిన్న రోడ్ల టూరిస్ట్ రూట్ అది. ఇక నార్వేలో ఇ6 అనే పేరు చూసి హైవే అని భయపడొద్దు, ఉత్తరాన అది మామూలు రెండు లేన్ల రోడ్డే.

ఫైన్లు నిజంగా అంత ఘోరమా?

నిజమే. నార్వేలో ఊళ్ల బయట మామూలు లిమిట్ 80, ఊళ్లలో 50, కొంచెం దాటినా వందల యూరోలు. ఫిన్లాండ్‌లో పెద్ద తప్పుకి ఫైన్ మీ ఆదాయాన్ని బట్టి వేస్తారు, 2002లో నోకియా డైరెక్టర్ ఒకాయన 50 జోన్‌లో 75కి బైక్ నడిపాడని 1,16,000 యూరోలు వేశారు. లైట్లు పగలు కూడా వేసే ఉంచాలి. నార్వేలో టోల్ గేటు కనపడదు, కెమెరా ఫొటో తీస్తుంది, బిల్లు నెలల తర్వాత ఇంటికొస్తుంది.

సాయంత్రం ఒక బీరు తాగి కొంచెం దూరం నడిపితే?

వద్దు. స్వీడన్, నార్వే, ఎస్తోనియా, పోలండ్‌లో రక్తంలో ఆల్కహాల్ లిమిట్ వెయ్యికి 0.2 వంతు, అంటే ఒక్క బీరే ఎక్కువ. రాత్రి గట్టిగా తాగితే పొద్దున్న కూడా దొరికిపోతారు.

టెంట్ ఎక్కడ పడితే అక్కడ వేసుకోవచ్చంట కదా?

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లో అడవులు, కొండలు అందరూ తిరగొచ్చనే హక్కు ఉంది, ఒకట్రెండు రాత్రులు టెంట్ వేసుకోవచ్చు. నార్వేలో జనాలుండే ఇంటికి 150 మీటర్ల దూరం ఉండాలి. ఈ హక్కు మీకు, మీ కాళ్లకి, మీ కారుకి కాదు, గడ్డిలోకి కారు ఎక్కించారంటే తప్పే. డెన్మార్క్, జర్మనీలో ఈ హక్కు లేదు, అక్కడ క్యాంప్‌సైట్‌కి పోవాలి. మూడు రోజులకోసారి నార్వే క్యాంప్‌సైట్‌లో చిన్న చెక్క గది తీసుకోండి, వేడినీళ్ల స్నానం చేసి బట్టలు ఆరేసుకుంటే మళ్లీ మనుషులవుతారు.

మిడ్‌సమ్మర్ పండగ రోజు ఎక్కడుంటే బాగుంటుంది?

స్వీడన్‌లో అది జూన్ 19 నుంచి 25 మధ్య వచ్చే శుక్రవారం. ఆకులు, పూలు చుట్టిన పెద్ద స్తంభం నిలబెట్టి పిల్లా పెద్దా చుట్టూ కప్పల్లా గెంతుతారు, హెర్రింగ్ చేప, కొత్త బంగాళాదుంపలు, స్ట్రాబెర్రీలు తింటారు. షాపులు మధ్యాహ్నానికే మూసేస్తారు, ముందురోజే సరుకులు తెచ్చుకోండి, లేకపోతే బంకులో హాట్‌డాగే గతి. ఫిన్లాండ్‌లోనూ శుక్రవారం సాయంత్రం నుంచే, అందరూ చెరువుగట్టు ఇళ్లకి పోతారు, ఊళ్లు ఖాళీ. లాత్వియా, ఎస్తోనియాలో జూన్ 23 రాత్రి. మేం ఆ రోజుకి నార్వేలో ఒక చిన్న బీచ్ దగ్గరున్నాం, అక్కడా 23 రాత్రే మంట వేస్తారు. పాత చెక్క పెట్టెలు, విరిగిన కుర్చీలు, ఒక పాత పడవ ముక్క, అన్నీ పేర్చి ముట్టించారు, అచ్చం మన భోగిమంట. కాకపోతే భోగి తెల్లారకముందు చీకట్లో వేస్తాం, ఇక్కడ రాత్రి పదకొండింటికి నిండు ఎండలో వేశారు, మంట సరిగ్గా కనపడనే లేదు, మొహానికి వేడి తగిలితేనే మండుతోందని తెలిసింది.

## ఆర్కిటిక్ పైన

సూర్యుడు నిజంగా అస్తమించడా? చూడ్డానికి ఎలా ఉంటుంది?

నార్త్ కేప్ దగ్గర మే మధ్య నుంచి జులై చివరి దాకా పొద్దు గూకదు. తూర్పున లేచి పడమర దిగే సూర్యుణ్ణే చూసిన మనకి వింతేంటంటే, అర్ధరాత్రి ఆయన ఉత్తరాన ఉంటాడు. మేం ఒకసారి రాత్రి పన్నెండున్నరకి మ్యాప్ పట్టుకుని సూర్యుడున్న వైపు పడమర అనుకుని అరగంట తప్పుదారిలో పోయాం. అయితే మబ్బు పడితే ఏమీ ఉండదు, రోజంతా ఒకటే బూడిదరంగు.

అక్కడ అన్నిటికన్నా డేంజర్ ఏంటి? చలా, జంతువులా?

నిద్ర. ఇది మాత్రం ఎవరడిగినా ముందు చెప్తా. చీకటి పడకపోతే ఆగాలనిపించదు. మన ఒళ్లు ఇన్నేళ్లూ చీకటిని చూసి బండి పక్కన పెట్టింది, ఇక్కడ ఆ సిగ్నల్ రాదు, ఇంకో గంట, ఇంకో ఊరు అనుకుంటూ పోతూనే ఉంటారు. ఏడో రోజు రాత్రి 1:40కి మావాడు ఉత్తరానికి నడుపుతున్నాడు, ఎండ సరిగ్గా ముందద్దంలోంచి కళ్లల్లో పడుతోంది, నేను మ్యాప్ ఒళ్లో పెట్టుకునే తూగుతున్నా. కుడి చక్రాలు కంకరలోకి దిగిన చప్పుడుకి ముగ్గురం ఒకేసారి అరిచాం. ఆ పక్కన రెండు మీటర్ల గడ్డి, దాని కింద ఫియోర్డ్ నీళ్లు, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రం. ఎవరూ ఏమీ మాట్లాడలేదు, అక్కడే ఆపి సీట్లలోనే పడుకున్నాం. మర్నాటి నుంచి రాత్రి తొమ్మిదికి అలారం, అది మోగితే దగ్గర్లో ఆపగలిగే చోట ఇంజిన్ ఆఫ్, బేరాల్లేవు. మీరు ఈ ఒక్క అలారం పెట్టుకుంటే చాలు, మిగతా సలహాలన్నీ మర్చిపోయినా పర్లేదు.

రెయిన్‌డీర్ అడ్డొస్తే ఏం చెయ్యాలి?

ఆగాలి. హారన్ కొడితే మన గేదెల్లాగే తల తిప్పి చూసి ఇంకో అడుగు మధ్యలోకి వేస్తాయి. ఒకటి దాటిందని కదలొద్దు, వెనక గుంపు ఉంటుంది. ఎండాకాలం దోమలు పడలేక రోడ్డు మీదకి, టన్నెళ్ల లోపలికి కూడా వచ్చి నిలబడతాయి. ఇవి అడవి జంతువులు కావు, ప్రతిదానికీ ఓనర్ ఉంటాడు, గుద్దితే 112కి చెప్పి ఆ చోటు గుర్తు పెట్టాలి, వదిలేసి పోకూడదు. మూస్ అనే పెద్ద దుప్పి అయితే ఇంకా ప్రమాదం, కాళ్లు పొడుగు కాబట్టి గుద్దితే దాని ఒళ్లంతా ముందద్దం మీదకే వస్తుంది.

దోమలు అంత ఎక్కువా?

లాప్‌లాండ్‌లో, అంటే ఈ దేశాల ఉత్తర భాగంలో, గాలి ఆగిన చోట టెంట్ వేస్తే తెలుస్తుంది. తలకి తొడుక్కునే దోమతెర కొనండి, అందం సంగతి తర్వాత. టెంట్ ఎప్పుడూ గాలి వీచే ఎత్తు మీద వెయ్యండి.

నార్త్ కేప్ టన్నెల్ పాత కారు ఎక్కగలదా?

ఎక్కుతుంది కానీ చెమటలు పడతాయి, కారుకీ మీకూ. దాదాపు 7 కి.మీ. టన్నెల్, సముద్ర మట్టానికి 212 మీటర్ల కిందకి దిగి మళ్లీ నిటారుగా ఎక్కాలి. మా కారు ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు జరగడం మొదలైంది. చిట్కా ఏంటంటే హీటర్ ఫుల్‌గా పెట్టాలి, ఇంజిన్ వేడి లోపలికి లాగేస్తుంది. బయట 6 డిగ్రీలు, లోపల మే నెల బెజవాడ, అద్దాలు దించుకుని చెమటలు కక్కుతూ బయటికొచ్చాం. బయటికి రాగానే రేడియేటర్ పైన గొట్టం చిన్నగా చీలింది, తియ్యటి కూలెంట్ వాసన, బానెట్ కింద ఆవిరి. ముప్పావుగంట చల్లారనిచ్చి, తడి తుడిచి, సిలికాన్ టేపు సాగదీసి ఐదారు చుట్లు చుట్టి, నీళ్లు పోసి బయల్దేరాం. ఆ కట్టు హాంబర్గ్ దాకా ఊడలేదు.

అంత దూరం పోయి నార్త్ కేప్‌లో చూడ్డానికి ఏముంది?

307 మీటర్ల కొండ అంచు, ఇనుప గ్లోబు, దాని పక్కన ఫొటో కోసం క్యూ. మేం వెళ్లినప్పుడు పొగమంచులో గ్లోబే సరిగ్గా కనపళ్లేదు. పైగా యూరప్‌కి ఉత్తరం చివర అంటారు కానీ పక్కనే ఉన్న క్నివ్‌షెల్లోడెన్ దానికన్నా ఇంకొంచెం ఉత్తరాన ఉంది, అక్కడికి నడిచే పోవాలి. నన్నడిగితే లోఫోటెన్‌కి ఒక రోజు ఎక్కువ ఇచ్చి ఇక్కడ అరపూట ఉంటే చాలు. లోఫోటెన్‌లో రోడ్డు చివర ఒక్క అక్షరం పేరున్న ఊరుంది, చూడ్డానికి ఆంగ్లం ఏ మీద సున్నా పెట్టినట్టుంటుంది, ఓ అని పలకాలి.

## తిరుగు దారి

ఫిన్లాండ్ దాటాక బోర్ కొడుతుందంట, నిజమేనా?

కొండలు అయిపోతాయి కాబట్టి అలా అంటారు. హెల్సింకి నుంచి టాలిన్‌కి ఫెర్రీ రెండు గంటలు. తర్వాత అందరూ ఇ67 హైవే పట్టుకుని లారీల మధ్య పోతారు, బోర్ కొట్టక ఏం చేస్తుంది. లాత్వియాలో మట్టిరోడ్లు పట్టుకోండి, కొంగ గూళ్లు స్తంభం స్తంభానికీ కనపడతాయి, కారంతా తెల్లటి దుమ్ము. లిథువేనియాలో షౌలై దగ్గర శిలువల కొండ ఉంది, లక్షకి పైగా శిలువలు, సోవియట్ల కాలంలో బుల్డోజర్లతో తీసేస్తే జనం రాత్రికి రాత్రి మళ్లీ తెచ్చి పాతేవాళ్లు. అక్కడ గాలికి చిన్న చిన్న శిలువలు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి, చాలాసేపు కూర్చున్నాం. పోలండ్‌లోకి వెళ్లేటప్పుడు సముద్రం పక్కనుంచి పోలేరు, మధ్యలో కలినిన్‌గ్రాడ్ అనే రష్యా ముక్క ఉంది, సువావ్కి అనే ఊరి వైపు నుంచి చుట్టు తిరగాలి.

అయిపోయాక ఆ కారు ఏం చేశారు?

నవంబర్‌లో టీయూవీ ఉంది, కింద తుప్పు చూసి మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. వెల్డింగ్ వాళ్లే చేయించుకుంటామన్న ఇంకో టీమ్‌కి 700 యూరోలకి ఇచ్చేశాం, చిరిగిన మ్యాప్, కుక్కర్, మిగిలిన సగం టేపు చుట్ట కూడా డిక్కీలోనే ఉంచి. వాళ్లు ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న కార్పెట్ మీద ఆ ఎర్ర మరక ఏంటని.